మేం కట్టుకున్న మడి

2020 మే నెలలో మా ఆస్పత్రిలో నర్సులకి ఓ పరీక్ష పెట్టారు. చేతులు ఎప్పుడెప్పుడు శుభ్రం చేసుకోవాలి, పీపీఈ కిట్టు విప్పేటప్పుడు ముందు ఏది తీయాలి, పసుపు సంచిలో ఏం వేయాలి, ఇలాంటివి. అందరం పాసయ్యాం. నాకైతే ఒక్క మార్కూ పోలేదు. ఆ రాత్రే నైట్ డ్యూటీలో ఒకే జత గ్లౌజులతో నాలుగు మంచాలు తిరిగాను.

అందుకే నర్సులకి అవగాహన లేదని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. లేకపోతే బాగుండేది, నేర్చుకునేవాళ్లం. రోగిని ముట్టుకునే ముందు, సూది గుచ్చడం లాంటి పని చేసే ముందు, రక్తమో కఫమో తగిలాక, రోగిని ముట్టుకున్నాక, అతని చుట్టూ ఉన్న వస్తువుల్ని ముట్టుకున్నాక. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఈ ఐదు సందర్భాలూ నిద్రలో లేపి అడిగినా అప్పజెప్తాం. వీటిలో మొదటి రెండూ ఎదుట ఉన్న రోగి కోసం. కరోనా రోజుల్లో మేం ఎక్కువగా ఎగ్గొట్టింది ఆ రెండే.

కిట్టు మాకు మడిబట్ట అయింది. మా అమ్మమ్మ మడి కట్టుకుంటే ఎవరూ తగలకూడదు, తగిలితే మైలపడేది ఆమె. ఆమె తగిలితే ఎదుటివాళ్లకి ఏమవుతుందన్న ఆలోచన ఆ మడిలో లేదు. మాదీ అదే మడి. ఒళ్లంతా కప్పే తెల్ల సూటు, కళ్లద్దాలు, ఎన్95, రెండు జతల గ్లౌజులు. ఇక మేం శుద్ధం. రోగి నుంచి మాకు అంటకుండా చూసుకున్నాం. ఒక రోగి నుంచి ఇంకో రోగికి మేం ఏం మోస్తున్నామో చూసుకోలేదు. పై జత గ్లౌజులు మంచం మంచానికీ మార్చాలి. మార్చకుండా వాటి మీదే శానిటైజర్ కొట్టుకుని ముందుకు పోయేవాళ్లం. అలా చేయకూడదనీ మాకు తెలుసు.

ఒకాయనకి కఫం తీసే సక్షన్ చేస్తున్నాను. పక్క మంచం మానిటర్ మోగింది. పరుగున వెళ్లి అదే వేలితో బటన్ నొక్కి, అదే చేత్తో అక్కడాయన కాన్యులాలో మందు ఎక్కించాను. వేలి కొన ఇంకా తడిగానే ఉంది. వారం తిరిగేసరికి ఆయనకి మళ్లీ జ్వరం. రక్తం కల్చర్‌లో క్లెబ్సియెల్లా అనే క్రిమి వచ్చింది. అది నా వేలి నుంచే వెళ్లిందనడానికి రుజువు లేదు. వెళ్లలేదని నేను అనలేను.

2020 జూన్ నుంచి ఆగస్టు దాకా పది ఆస్పత్రుల్లో చేరిన 17,534 మంది వివరాలు ఐసీఎంఆర్ పరిశోధకులు చూశారు. చేరాక రెండో ఇన్ఫెక్షన్ సోకినవాళ్లు 3.6 శాతమే. కానీ వాళ్లలో సగానికి పైగా, 56.7 శాతం మంది చనిపోయారు. ఎక్కువగా దొరికిన క్రిముల్లో క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్ ముందున్నాయి. రెండూ ఆస్పత్రుల్లో మకాం వేసేవే.

మనుషులు చాలలేదు, నిజమే. ముప్పై మందికి ఇద్దరం. ఆరు గంటలు నీళ్లు ముట్టకుండా, బాత్రూముకి పోకుండా నిలబడ్డాం. చేతులకి హ్యాండ్‌రబ్ రాసుకోవడం ఇరవై, ముప్పై సెకన్ల పనే అయినా ముప్పై మందికి లెక్కేస్తే అదీ తడిసి మోపెడవుతుంది. ఈ మాట చాలాకాలం నాకు ఊరటగా ఉండేది. అయితే ఆ ఏడాది చివర్లో కేసులు తగ్గి, ఒక్కొక్కరికి నలుగురే ఉన్నప్పుడూ మా చేతుల అలవాటు మారలేదు.

పైగా కాగితాలు మాత్రం శుభ్రంగా ఉండేవి. షిఫ్టు చివర కూర్చుని చేతుల శుభ్రత ఆడిట్ ఫారంలో వరసగా టిక్కులు పెట్టేవాళ్లం. ఇన్‌చార్జిగా సంతకం నాది. తొంభై ఐదు శాతం అని వేసేవాళ్లం. వంద వేస్తే నమ్మరని!

కిట్టు విప్పే గదిలో మాకు అద్దం ఉంది, గోడ మీద బొమ్మల పోస్టరు ఉంది. విప్పి నేల మీద పడేసిన కిట్లు ఎత్తింది ఆయాలు. వాళ్ల చేతులకి పల్చటి గ్లౌజులు. ఏది ముందు తీయాలో వాళ్లకి మేం ఒక్కసారీ చూపించలేదు.

2020 మార్చి 22 సాయంత్రం ఊరంతా బయటికొచ్చి మా కోసం చప్పట్లు కొట్టింది. తర్వాత మమ్మల్ని దేవతలన్నారు. దేవతని ఎవరూ ‘చేతులు కడుక్కున్నావా’ అని అడగరు. ఆ పీట మాకూ హాయిగానే ఉంది.

కిట్లు పోయాయి, గ్లౌజులు మిగిలాయి. ఇప్పుడు బీపీ చూడటానికీ గ్లౌజులే, అవే చేతులతో కేస్‌షీటు, ఫోను. మీ వాళ్లెవరైనా ఆస్పత్రిలో ఉంటే, మంచం దగ్గరికి వచ్చిన సిస్టర్‌ని ‘ఈ గ్లౌజులు ఇప్పుడు వేసుకున్నవేనా అమ్మా’ అని అడగండి. మొహం చిట్లిస్తాం. అయినా అడగండి.