లెక్కకు రాని నాయనమ్మ కష్టం

దేశ సంపదను అంచనా వేసే జాతీయాదాయ లెక్కలలో ఇంటి వంటకు, పిల్లల పెంపకానికి, వృద్ధుల సేవకు చోటు లేదు. అదే వంటను మరొకరి ఇంట జీతానికి చేస్తే అది ఆదాయమవుతుంది. ఆర్థికవేత్తలు దశాబ్దాలుగా చర్చిస్తున్న ఈ వైపరీత్యం ఖరగ్‌పూర్‌లోని ప్రేమ్‌బజారులో, మా నాయనమ్మ జీవితంలో ప్రతిరోజూ కళ్లకు కట్టేది.

బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపులో పనికోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వేలాది తెలుగు కుటుంబాలు ఆ రైలు పట్టణానికి వలస వెళ్లాయి. ఆ కార్మికుల కథ కొంతవరకు చరిత్రకెక్కింది. 1927 నాటి సమ్మె, ఆ రైల్వే కార్మికులను సంఘటితపరచి అనంతరం రాష్ట్రపతి పదవిని అలంకరించిన వి.వి. గిరి సేవలు గ్రంథస్థమయ్యాయి. ఆ కార్మికుల ఇళ్లను నిలబెట్టిన స్త్రీల గురించి మాత్రం దొరికేది బహు స్వల్పం.

వర్క్‌షాపులో ఖలాసీగా పనిచేసిన తాతయ్య 1956లో కన్నుమూశాడు. రైల్వేలో పెన్షను విధానం ప్రారంభమైనది 1957 నవంబరులో. కుటుంబ పెన్షను పథకం వచ్చినది 1964లో. నాయనమ్మకు దక్కినది ప్రావిడెంట్ ఫండు సొమ్ము మాత్రమే. క్వార్టరు ఖాళీ చేసి, ఐ.ఐ.టి. ప్రాంగణానికి ఆనుకొని ఉన్న ప్రేమ్‌బజారులో ఒక గదిలో కాపురం పెట్టింది. తన పిల్లలు ఆరుగురు. తల్లిని కోల్పోయిన మరిది పిల్లలు మరో ఇద్దరు. ఎనిమిది విస్తళ్లు వేసిన తరువాత మిగిలితేనే ఆమెకు భోజనం, లేనినాడు గంజి.

తెల్లవారుజామున నాలుగు గంటలకు పిండి రుబ్బి, ఇడ్లీలు వేసి అమ్మేది. పొద్దెక్కిన తరువాత ప్రాంగణంలోని రెండు ఇళ్లలో వంట చేసేది. సాయంత్రం తన ఇంట ఎనిమిదిమందికి వండేది. పొద్దుటి వంట దేశానికి ఆదాయం. సాయంత్రపు వంట సున్న! చెయ్యి ఒకటే, పొయ్యి మాత్రం వేరు.

1966లో ఆహార కొరత బెంగాల్‌లో ఉద్యమ రూపం దాల్చినప్పుడు బియ్యం కోసం క్యూలలో గంటల తరబడి నిలబడినదీ ఆమే. 1974 మే 8న రైల్వే సమ్మె మొదలై సుమారు 20 రోజులు సాగినప్పుడు, సమ్మెలో ఉన్న ఇద్దరు కొడుకుల సంసారాలను తన ఇడ్లీ పాత్రతో గడిపినదీ ఆమే. సమ్మెలు చేసిన వారి వెనుక పొయ్యి ఆరకుండా చూసినవారు ఉన్నారనే సంగతి మన కార్మికోద్యమ చరిత్రలో తరచు మరుగున పడుతుంది.

అయితే ఆమెను త్యాగమూర్తిగా కీర్తించి ఊరుకోవడం న్యాయం కాదు. ఆ సంసారం గట్టెక్కడానికి మరొకరు కూడా మూల్యం చెల్లించారు. తమ్ముళ్లను ఎత్తుకోవడానికి, నీళ్లు మోయడానికి పెద్ద మేనత్తను అయిదో తరగతితో బడి మాన్పించవలసి వచ్చింది. “మగపిల్లల్ని ఒడ్డుకు చేర్చాను గానీ, దాన్ని నడిమధ్యలో దించేశాను” అని నాయనమ్మ చివరిదాకా బాధపడింది. ఇంటి చాకిరీకి విలువ కట్టనిచోట దాని భారం తల్లి నుంచి కూతురికి వారసత్వంగా సంక్రమిస్తుంది.

పరిస్థితి ఎంతవరకు మారింది? 2019లో జరిగిన జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి, ఆ పనిచేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తుండగా పురుషులు వెచ్చిస్తున్నది 97 నిమిషాలు. 2024 సర్వేలో ఈ అంకెలు 289, 88. అయిదేళ్లలో స్త్రీకి తగ్గినది పది నిమిషాలు!

గృహిణులను జనాభా లెక్కలలో పనిచేయనివారి జాబితాలో, యాచకుల సరసన చేర్చడాన్ని సుప్రీంకోర్టు 2010లో తీవ్రంగా ఆక్షేపించింది. 2021 జనవరిలో జస్టిస్ ఎన్.వి. రమణ ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో గృహిణి శ్రమకు ఆదాయం లెక్కగట్టడం ఆమె పనికి, త్యాగానికి ఇచ్చే గుర్తింపు అని స్పష్టం చేశారు. ఈ తీర్పులు స్వాగతించదగినవే. కానీ స్త్రీ బతికి ఉండగా లేని విలువ ప్రమాదంలో మరణించిన తరువాతే నిర్ణయం కావడం ఏమి న్యాయం?

ఇంటిపనికి ప్రభుత్వం జీతం ఇవ్వాలని ఎవరూ పట్టుబట్టనక్కరలేదు. వంటింటికే స్త్రీని కట్టివేయడానికి అది సాకు కాగలదన్న భయమూ నిరాధారం కాదు. కావలసినవి మూడు. 2027 జనగణనలో గృహశ్రమను పనిగా గుర్తించాలి. జాతీయాదాయ లెక్కలకు అనుబంధంగా దాని విలువను ఏటా ప్రకటించాలి. ఆ భారాన్ని తగ్గించే కొళాయి నీరు, శిశు సంరక్షణ కేంద్రాలు, నిరాధార వృద్ధ స్త్రీల పెన్షన్లపై పెట్టే వ్యయాన్ని దానంగా కాక, పాత బాకీగా పరిగణించాలి.

ప్రావిడెంట్ ఫండు కాలం నాటి ఉద్యోగుల వితంతువులకు 1986 నుంచి నెలకు 150 రూపాయల ఎక్స్‌గ్రేషియా మంజూరయింది. తాతయ్య పోయిన 30 సంవత్సరాలకు! అక్షరం ముక్క రాని నాయనమ్మ పాలవాడి లెక్కను గోడమీద బొగ్గు గీతలతో రాసుకునేది. ఏనాడూ ఒక్క గీత తప్పలేదు. ఆమె కష్టానికి మాత్రం ఎక్కడా ఒక్క గీత పడలేదు.