పనికిరాని వయసు ఎవరు నిర్ణయించారు?

1983 ఫిబ్రవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుండి 55కు తగ్గించింది. 55 దాటినవారంతా ఒక్కసారిగా ఇంటిదారి పట్టవలసి వచ్చింది. అప్పటికి ముఖ్యమంత్రి వయసు 59! రాష్ట్రాన్ని ఏలడానికి అడ్డురాని వయసు, గుమాస్తా దస్త్రం తిప్పడానికి అడ్డు వచ్చింది.

యువతకు ఉద్యోగాలివ్వాలన్న ఉద్దేశ్యం మంచిదే. 1985లో సుప్రీంకోర్టు కూడా ఆ ఉత్తర్వును సమర్థించింది. కానీ ఆ ఉత్తర్వు తర్వాతి కథ చూడండి. 55 మళ్ళీ 58 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో అది 2014లో 60కి, 2022లో 62కి పెరిగింది. తెలంగాణలో 2021లో 61 అయింది. అంటే కృష్ణ దాటి ఉత్తరానికి వస్తే మనిషి బుద్ధి ఒక ఏడాది ముందే మందగిస్తుందన్నమాట!

ఇవి ఏ మనిషి సామర్థ్యాన్నీ తూచి వేసిన అంకెలు కావు. సర్కారు తన అవసరం కొద్దీ జరుపుకున్న గీతలు. ఆ గీతను నమ్మి, నిన్నటిదాకా "సారూ" అన్న నోటితోనే "ముసలాయనకేం తెలుసు" అంటున్నాం.

మన రాజ్యాంగం 15వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం పేరిట ప్రభుత్వం వివక్ష చూపరాదంటుంది. ఆ జాబితాలో వయసు లేదు. నలభై దాటిన ఉద్యోగుల రక్షణకు అమెరికా 1967లోనే చట్టం చేసింది.

మనకూ అటువంటి చట్టం కావాలి. అంతకుముందు మన నోరు మారాలి. తక్కిన వివక్షలు చేసేవాడిని తాకకపోవచ్చు. బతికి బట్టకడితే ఇది మాత్రం మనందరి గుమ్మంలోకీ వస్తుంది.

కాదంటారా?