గోడ దాటని కిరణం, గోడ దాటే శబ్దం

టీవీకి ఒకటి, సెట్‌టాప్ బాక్సుకు ఒకటి, హోమ్ థియేటర్‌కు ఒకటి. మా బనగానపల్లెలోనూ నేడు అనేక ఇళ్లలో మూడేసి రిమోట్లు కనిపిస్తున్నాయి. అజాన్ వినిపించిన వేళ శబ్దం ఆపాలంటే ఏది నొక్కాలో ఇంట్లోని దాదీకి తెలియదు. ఈ ఇబ్బందికి యూనివర్సల్ రిమోట్ మంచి ఉపాయం.

అమరిక కష్టమేమీ కాదు. సాధారణంగా హోమ్ థియేటర్‌ను ఆన్ చేసి, రిమోట్‌పై సెట్ బటన్‌ను దీపం వెలిగేవరకు నొక్కి ఉంచి, వెంట వచ్చిన కాగితంలో ఆ కంపెనీ పేరు ఎదుట ఉన్న కోడ్ ఇవ్వాలి. ఒకటి పనిచేయకుంటే తరువాతిది ప్రయత్నించాలి. నేర్చుకునే రకమైతే పాత రిమోట్‌ను ఎదురుగా ఉంచి ఒక్కొక్క బటన్ నేర్పవచ్చు. పనిచేసిన కోడ్‌ను రాసి రిమోట్ వెనుక అంటించండి. బ్యాటరీలు మార్చినప్పుడు కొన్ని రిమోట్లు దానిని మరచిపోతాయి. చివరగా మ్యూట్ బటన్‌ను దాదీ చేతనే నొక్కించి చూడండి.

ఇక అసలు విషయం. రిమోట్ నుండి వెలువడే పరారుణ కిరణం గోడను దాటదు. సబ్‌వూఫర్ శబ్దం దాటుతుంది. ఆవల రోగి ఉండవచ్చు, పరీక్షకు చదివే బిడ్డ ఉండవచ్చు. వారి చేతిలో మన రిమోట్ లేదు. పొరుగువారిని బాధించరాదని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) గట్టిగా హెచ్చరించారు. కనుక ఇషా తర్వాత శబ్దం ఎంతవరకో ఇంటి పెద్దలే నిర్ణయించాలని మేము కోరుతున్నాము. పొరుగువారి హక్కును నెరవేర్చే భాగ్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.