కాల్చకుండా ఉండటానికీ ట్రైనింగ్ కావాలి

'జాయింట్ ఎక్సర్‌సైజ్' అని యూట్యూబ్‌లో కొడితే వచ్చే వీడియోలు చూశారా? హెలికాప్టర్లు, పొగ, వెనకాల సినిమా రేంజ్ బీజీఎం. ఎవరి మీదకో యుద్ధానికి రిహార్సల్ లాగే ఉంటుంది. మంగోలియాలో జరిగే 'ఖాన్ క్వెస్ట్' మాత్రం కాస్త వేరు. చేతిలో తుపాకీ ఉన్నా ఎప్పుడు కాల్చకూడదో నేర్పడం అక్కడ పెద్ద పాఠం.

2003లో అమెరికా, మంగోలియా కలిసి మొదలుపెట్టాయి. 2006 నుంచి మిగతా దేశాలూ వస్తున్నాయి. ఐక్యరాజ్య సమితి శాంతి దళాలు చేసే పనులే సిలబస్: చెక్‌పోస్ట్ నడపడం, కాన్వాయ్‌కి కాపలా, గొడవల మధ్య నుంచి జనాన్ని బయటికి తీసుకురావడం. 2024లో మన ఆర్మీ నుంచి 40 మంది వెళ్ళారు. ఎక్కువమంది మద్రాస్ రెజిమెంట్ వాళ్ళే, అంటే మన తెలుగు కుర్రాళ్ళు కూడా చేరే రెజిమెంట్.

సరే, దీనివల్ల ఒరిగేదేంటి? 2000లో సియెర్రా లియోన్‌లో ఏమైందో చూడండి. ఆ మే నెలలో తిరుగుబాటుదారులు దాదాపు 500 మంది శాంతి సైనికులను పట్టుకున్నారు. కైలాహున్ అనే ఊళ్ళో మన గూర్ఖా జవాన్లు రెండు నెలలకు పైగా ముట్టడిలో ఉండిపోయారు. జూలైలో 'ఆపరేషన్ ఖుక్రీ'తో బయటపడ్డారు. అందులో మన దళాలతో పాటు ఘనా, నైజీరియా సైనికులు, బ్రిటన్ చినూక్ హెలికాప్టర్లు ఉన్నాయి. సూపర్ హిట్ ఆపరేషన్.

కానీ అదే మిషన్‌లో లోపల వేరే కథ నడిచింది. దళాధిపతి మన మేజర్ జనరల్ విజయ్ జేట్లీ. నైజీరియా అధికారులు రెబెల్స్‌తో వజ్రాల దగ్గర కుమ్మక్కయ్యారని ఆయన రాసిన రిపోర్ట్ లీకైంది. నైజీరియా భగ్గుమంది. సెప్టెంబర్‌కల్లా భారత్ తన సైన్యాన్ని వెనక్కి పిలుస్తున్నట్టు ప్రకటించింది. రెబెల్స్ చేయలేని పని అపనమ్మకం చేసింది!

మా ఫీల్డ్‌లో రెండు టీమ్‌ల కోడ్ మొదటిసారి రిలీజ్ రాత్రే కలిస్తే ఏమవుతుందో తెలుసు. అక్కడ పోయేది సర్వర్ కాదు, ప్రాణాలు. రెండు వారాల ఎక్సర్‌సైజ్‌తో దేశాల రాజకీయాలు మారవు, నిజమే. కనీసం అవతలివాడి రేడియో భాష, ఆర్డర్ ఇచ్చే పద్ధతి అర్థమవుతాయి కదా.

నాకు నచ్చనిది ఒక్కటే. మన వైపు నుంచి ఏటా కొత్త బెటాలియన్ వెళ్తుంది. అక్కడ కలిసి నేర్చుకున్నవాళ్ళే తర్వాత ఒకే మిషన్‌కి వెళ్తారన్న రూలేమీ లేదు. దక్షిణ సూడాన్‌లో భారత్, మంగోలియా సైనికులు ఇద్దరూ ఉన్నారు. కనీసం అక్కడికి వెళ్ళబోయేవాళ్ళనైనా ముందు ఈ మైదానంలో కలపొచ్చుగా?