గ్లవ్స్ ఉన్నాయి సరే... మారుస్తున్నారా?

అమ్మానాన్నలను వృద్ధుల సంరక్షణ కేంద్రంలో చేర్చారా? ఆయా గ్లవ్స్ వేసుకుంది కదా అని నిశ్చింతగా ఉండకండి. డైపర్ మార్చిన గ్లవ్స్‌తోనే నీళ్లు తాగిస్తే మలంలోని క్రిములు నోటికి చేరతాయి. గ్లవ్స్ తీసేటప్పుడు చేతులకూ అంటుకోవచ్చు. అందుకే 2025 మే 5న, చేతుల పరిశుభ్రత దినోత్సవం సందర్భంగా, గ్లవ్స్ వేసుకున్నా చేతుల శుభ్రత తప్పనిసరని ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తుచేసింది. ఒకే మనిషికి సేవ చేస్తున్నా సరే, మలమూత్రాలు శుభ్రం చేశాక గ్లవ్స్ తీసేసి, సబ్బుతో 40-60 సెకన్లు చేతులు కడుక్కున్నాకే మరో పని ముట్టుకోవాలి.

తప్పంతా ఆయాదే అనుకోవద్దు. దగ్గర్లో గ్లవ్స్ పెట్టె, సింకు, చాలినంత సిబ్బంది లేకపోతే ఆమె మాత్రం ఏం చేస్తుంది? ఈసారి వెళ్లినప్పుడు ఇవి ఉన్నాయేమో చూడండి. లేకపోతే నిర్వాహకులను నిలదీయండి.