కొండ నెక్కుటయు, దిగుటయు

కడప మండలమున పుట్టి పెరిగినవారికి కొండ క్రొత్తది కాదు. మైదుకూరు నుండి తూర్పుగా జూచినచో నల్లమల కానవచ్చును. బద్వేలు దారి పట్టినచో ఆ దారియే కొండల నడుమ దూరి పోవును. సిద్ధవటము వైపున లంకమల కలదు. జమ్మలమడుగు ప్రక్కను ఎఱ్ఱమలను పెన్న కోసికొని పోయినచోట గండికోట లోయ యున్నది. పులివెందుల ప్రాంతమున, వేంపల్లె యొద్ద, పాపఘ్ని కొండను చీల్చుకొని వచ్చు గండి యున్నది. ఇన్ని కొండల నడుమ నుండియు మన విద్యార్థులలో పెక్కుమంది కొండను బస్సు కిటికీలో నుండియే యెఱుగుదురు. ఇది విచారింపదగిన సంగతి. పైతరగతుల బాలబాలికలకు కొండనడకను క్రమముగా నేర్పుట పాఠశాల పనులలో నొకటి కావలయునని మా యభిప్రాయము. ఇందుకు తల్లిదండ్రులు చెప్పు ఆక్షేపణలు మూడు కలవు. వానిలో రెండు తేలికవి, మూడవది బరువైనది. మూడింటిని దాచక చెప్పి, మాకు తోచిన సమాధానమును వ్రాయుచున్నాము.

మొదటి యాక్షేపణ: "ఈ యెండు కొండలలో చూచుట కేమున్నది? నీడ లేదు, నీళ్లు లేవు. ముండ్ల పొదలును బండలును తప్ప నేమియు లేవు." సాలుకు సుమారు 700 మిల్లీమీటర్ల వాన కురియు సీమలో కొండలు పచ్చగా నుండవలెననుట న్యాయము కాదు. అయినను ఎండిన కొండ వట్టిపోయిన కొండ కాదు. ఎఱ్ఱచందనము లోకమున మఱెక్కడను సహజముగా పెరుగక, శేషాచలము, పాలకొండలు, లంకమల మొదలగు ఈ కొండలనే నమ్ముకొని యున్నది. కలివికోడి సంగతియు నట్టిదే. 1848వ సంవత్సరమున జెర్డన్ దొర దానిని శాస్త్రలోకమునకు తెలిపెను. 1900 తరువాత అది యెవరికిని కనబడనందున అంతరించినదనియే పండితులు తలచిరి. 1986లో మన కడప జిల్లా పొదలలోనే అది మరల కనబడెను. దానిని మొదట గుర్తించి పట్టి యిచ్చినవాడు పట్టభద్రుడు కాడు. ఆ పొదలలో తిరిగి తిరిగి వాని నెఱిగిన యొక వేటకాడు. పుస్తకములు లేదని చెప్పినదానిని కాళ్లు ఉన్నదని చూపినవి. విద్యార్థి కింతకంటె మంచి పాఠ మేమి కావలయును? వేదగ్రంథము చదువు మన పిల్లలకు సీనాయియు ఎండిన కొండయే యని వేరుగ చెప్పనక్కఱలేదు.

రెండవ యాక్షేపణ: "కొండలెక్కుట కలిగినవారి వినోదము. మా బిడ్డకు మార్కులు కావలెను, ఉద్యోగము కావలెను." బీదరికమున కష్టపడి బిడ్డను చదివించు తండ్రి ఈ మాట యన్నచో మేము తప్పు పట్టము. కాని ఇటీవలి తెలుగువారి చరిత్ర దీనికి వేఱు సమాధానము చెప్పుచున్నది. 2014వ సంవత్సరము మే 25వ తేదీన, రాష్ట్రవిభజనకు ఎనిమిది దినముల ముందు, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ యను బాలిక ఎవరెస్టు శిఖరమున నిలిచెను. ఆమెకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. ఆమె తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఆమె చదివినది ప్రభుత్వ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో. ఆమెతో శిఖర మెక్కిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఖమ్మము జిల్లా బాలుడు, అట్టి గురుకుల విద్యార్థియే. వీరికి తొలిపాఠము చెప్పినది హిమాలయము కాదు, మన భువనగిరి బండ. ఆ బండమీద తాడు పట్టుట, కాలు నిలుపుట నేర్చిరి. తరువాత డార్జిలింగులోను లడఖులోను చలికిని ఎత్తునకును అలవాటు పడిరి. ధనము గాక, ఒక పాఠశాల వ్యవస్థ పూనికయు, నెలల తరబడి సాగిన శిక్షణయు వారిని పైకి చేర్చినవి. ఆడుపిల్లకు ఇట్టి సాహసము తగదని యింకను అనుకొనువారు పూర్ణ పేరు జ్ఞాపకము పెట్టుకొందురుగాక.

చదువు చెడుననుటయు సరి కాదు. నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘ మను చిన్న గ్రామమున 1974లో జన్మించిన మల్లి మస్తాన్‌బాబు విజయనగరము జిల్లా కోరుకొండ సైనిక పాఠశాలలో చదివెను. ఎవరెస్టు దారిలో 1985వ సంవత్సరమున ప్రాణము విడిచిన ఉదయభాస్కరరావు ఆ పాఠశాల పూర్వవిద్యార్థియే. ఆయన కథయే ఈ బాలునికి కొండలమీద మనసు పుట్టించినది. తరువాత మస్తాన్‌బాబు జంషెడ్‌పూరు, ఖరగ్‌పూరులలో ఇంజనీరింగును, కలకత్తాలో వాణిజ్యనిర్వహణమును చదివి, 2006లో ఏడు ఖండముల యున్నతశిఖరములను 172 దినములలో నెక్కెను. జనవరి 19న దక్షిణధ్రువ ఖండమున మొదలిడి జులై 10న అలాస్కాలో ముగించెను. ఆ యేడింటిని వారములోని యేడు దినములలో, దినమున కొకటి చొప్పున వచ్చునట్లు ఎక్కుట మఱియొక విశేషము. చదువునకును కొండకును వైరము లేదనుటకు ఈ యొక్క జీవితము చాలును.

ఇక మూడవ యాక్షేపణ: "ప్రాణమునకు అపాయము గదా!" దీనిని మేము తేలికగా త్రోసివేయము, ఏలయన ఆ మస్తాన్‌బాబు కథయే ఇచ్చట మనలను నిలిపి అడుగుచున్నది. 2015వ సంవత్సరము మార్చి 24న ఆయన అర్జెంటీనా, చిలీ దేశముల సరిహద్దున ట్రెస్ క్రూసెస్ సూర్ అను శిఖరమునకు ఒంటరిగా బయలుదేరి తిరిగి రాలేదు. ఏప్రిల్ మొదట ఆయన దేహము కొండమీద కనబడెను. అప్పటికి ఆయన వయస్సు నలువది యేండ్లు. ఆ శిఖరము 6,700 మీటర్లకు మించిన యెత్తున, అటకామా యెడారి నానుకొని యున్నది. అచ్చట గాలి యొత్తిడి సముద్రతీరమున నుండుదానిలో సగముకంటె తక్కువ. గాలి ఎంత పొడియన, ఆఱువేల మీటర్ల యెత్తున సైతము మంచు అరుదు. ఊపిరి విడిచినప్పుడెల్ల దేహములోని నీరు పోవుచుండును. త్రాగు నీటిని మోసికొని పోవలయును, లేదా దొరికిన మంచును కరగింపవలయును. లోకమున మిక్కిలి పొడియైన ఆ యెడారిమీదనే ఆ సంవత్సరము మార్చి 24 మొదలు 26 వఱకు గొప్ప తుపాను విరుచుకొనిపడి, చిలీదేశపు పట్టణములను వరదలలో ముంచెను. ఎడారికొండ దప్పికతోనే గాక వానతోను చంపగలదు.

అంతటి నేర్పరి పోయినచోట మన పిల్లలను పంపుట యెట్లని తల్లి యడుగును. మా సమాధానమిది. ఆయన ఒంటరిగా ఎంచుకొన్న శిఖరము వేఱు. ఉపాధ్యాయుల వెంట, దినము లోపల పోయి వచ్చు మన కొండ వేఱు. కాని ఆ శిఖరము చెప్పు నీతి మన కొండకును వర్తించును: కొండకు మన పేరు తెలియదు, మన బిరుదులు తెలియవు. అందుచేత కొండనడకను నిషేధింపనక్కఱలేదు, నియమములతో నేర్పవలయును. నేర్పనిచో పిల్లలు వెళ్లక మానరు. సెలవు దినమున నలుగురు బాలురు సెల్‌ఫోను చేతబట్టి, ఇంటివారికి చెప్పక, నీళ్లు లేక, గండికోట అంచున ఛాయాచిత్రము కొఱకు నిలుచుటయే మేము భయపడు అపాయము.

మేము కోరు నియమములు కొన్ని మాత్రమే. వేసవిలో కొండ యెక్కరాదు. పుష్య మాఘములు తగిన కాలము. అటవీశాఖవారి యనుమతి లేనిదే అభయారణ్యమున అడుగుపెట్టరాదు. తెల్లవారకమునుపే బయలుదేరవలయును, ఏలయన మన బండలు ప్రొద్దెక్కినకొలది వేడిని పట్టి, కాళ్లక్రింద పెనమువలె కాలును. ఒక్కొక్కరు నాలుగు లీటర్ల నీరు మోయవలయును. పైన వాగున్నదన్న మాట నమ్మరాదు. కాళ్లకు బూట్లు, చేతికి కఱ్ఱ యుండవలయును. అందఱికంటె మెల్లగా నడచువాడు ముందు నడువవలయును, ఉపాధ్యాయు డొకడు వెనుక నుండవలయును. ఎవరికైనను తలతిరుగుట, మాట తడబడుట కలిగినచో అక్కడికక్కడ నీడకు చేర్చి, ఒడలు తడిపి, నడక నాపవలయును. ఆ కొండలలో గొఱ్ఱెలు మేపిన పెద్దమనిషి నొకని వెంట పిలుచుకొని పోవలయును. ఆ దినమున మన పిల్లలకు ఆయనయే గురువు.

అన్నిటికంటె ముఖ్యమైనది తిరుగు వేళ. కొండ క్రింద నున్నప్పుడే, మనస్సు చల్లగా నున్నప్పుడే, ఎన్ని గంటలకు వెనుదిరుగవలయునో నిశ్చయింపవలయును. ఆ గంట కొట్టినప్పుడు శిఖరము నూఱు గజముల దూరమున నున్నను దిగవలసినదే. ఇది పిల్లలకు కష్టము, పెద్దలకు మఱింత కష్టము. పైకెక్కుటకు ఉత్సాహము చాలును. దిగుటకు వివేకము కావలయును. దిగునప్పుడే మోకాళ్లు వణకును, రాళ్లు జారును, మనస్సు ఇంటిమీదికి పోవును. పాఠశాల పిల్లవానికి ఈ వివేకము నేర్పగలిగినచో, అది కొండమీదనే గాక అప్పు చేయునప్పుడును, పందెము కాయునప్పుడును, కోపము వచ్చినప్పుడును పనికివచ్చును. బలమైన బాలుడు అలసినవాని నీటిసీసా మోయుట, ముందున్నవాడు వెనుకవాని కొఱకు నిలుచుట తరగతి గదిలో ఉపన్యాసముచేత వచ్చు గుణములు కావు.

కావున తల్లిదండ్రులకు మా విన్నపము. అనుమతిపత్రము మీ యొద్దకు వచ్చినప్పుడు, సందేహమున్నచో పాఠశాలకు వచ్చి అడుగుడు: నీరెంత, వెంట నెవరు, తిరుగు వేళ యెప్పుడు? ఈ మూడింటికి ఉపాధ్యాయుడు సరిగా సమాధానము చెప్పలేనిచో మీ బిడ్డను పంపవలదు. చెప్పినచో పంపుడు. విద్యార్థులారా, మీకును ఒక మాట. ఈసారి అందకపోయిన శిఖరమును గూర్చి చింతింపకుడు. లంకమల వచ్చే సంవత్సరమును అక్కడనే యుండును; సాయంకాలమునకు మీరు మాత్రము ఇంట నుండవలయును.