సగటు లెక్క ఆడపిల్ల తలరాత కాదు

లెక్కలు, యంత్రాల చదువు మగపిల్లలకే అబ్బుతాయన్న పాత మాటకు ఇప్పుడు ‘సైన్సే చెప్పింది’ అన్న తోక తగిలించారు. సైన్సు నిజంగా ఏం చెప్పిందో విద్యార్థులకు తెలియనంతకాలం ఈ మాట చెల్లుతూనే ఉంటుంది.

2015లో హైదరాబాద్ జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాలల్లో జెండర్ పాఠాన్ని ప్రవేశపెట్టింది. అన్వేషి పరిశోధకులు రూపొందించిన ద్విభాషా పుస్తకాన్ని తెలుగు అకాడమీ ప్రచురించింది. అది మంచి పునాది. నాగోల్, ఉప్పల్ నుంచి కళాశాలలకు వెళ్లే మన పిల్లలకు, దానితోపాటు స్త్రీపురుష భేదాలపై జరిగిన పరిశోధనను తూచి చదివే నేర్పు కూడా కావాలి.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జానెట్ హైడ్ 2005లో 46 సమీక్షా అధ్యయనాలను పరిశీలించారు. వాటిలోని భేదాల్లో 78 శాతం అతి స్వల్పమో, శూన్యప్రాయమో అని తేలింది. మన ఈశాన్య రాష్ట్రాల్లో దాదాపు 1,300 మందితో జరిగిన మరో అధ్యయనం 2011లో వెలువడింది. నాలుగు ముక్కల పజిల్‌ను పేర్చడంలో, తండ్రి వంశాన్ని అనుసరించే కర్బీల్లో పురుషులకు స్త్రీలకన్నా 36 శాతం తక్కువ సమయం పట్టింది. ఆస్తి కూతురికి దక్కే ఖాసీల్లో ఆ తేడాయే కనిపించలేదు. కర్బీల్లో కనిపించిన అంతరంలో కొంత భాగానికి చదువులోని తేడాయే కారణమని పరిశోధకులు అంచనా వేశారు.

భేదాలే లేవనడమూ సరికాదు. జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర స్త్రీల శరీరం నుంచి నెమ్మదిగా తొలగుతుందని గుర్తించి, 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వారికి సిఫారసు చేసిన మోతాదును సగానికి తగ్గించింది. అక్కడ భేదాన్ని పట్టించుకోకపోవడమే అన్యాయం.

సగటు ఒక సమూహానికి సంబంధించినది. దానితో ఒక మనిషిని కొలవరాదు. ఈ సత్యం ముస్లింలకు ఎవరూ ప్రత్యేకంగా బోధించనక్కర లేదు. 2006 నాటి సచార్ నివేదికలోని అంకెలను మనం అవకాశాల లేమికి సాక్ష్యంగా చూపుతాం. మన తెలివితేటల కొలతగా ఎవరైనా చదివితే నిరసిస్తాం. అదే న్యాయం మన ఇంటి ఆడపిల్లకూ వర్తించాలి.

కనుక 2016లో మొదలైన మైనారిటీ గురుకులాల్లోనూ ఈ పాఠం తెలుగు, ఉర్దూ భాషల్లో ఉండాలి. ఇంజనీరింగ్ కోరిన కూతురిని ‘నీ వల్ల కాదు’ అని ఆపే ముందు తల్లిదండ్రులు చూడవలసింది ఆమె మార్కులను, ఆమె శ్రమను. లోకం మోపిన సగటును కాదు.